అంత బాగోలేదంటే

మార్చి 16, సోమవారం

క్లినిక్ తలుపులు మూసేశాం. ఫ్రౌకె అద్దం మీద కాగితం అంటించింది: దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళు లోపలికి రావద్దు, ఫోన్ చెయ్యండి. దాని కింద పెన్నుతో "ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా" అని తనే చేర్చింది. ఇరవై ఏళ్ళుగా నా ఫోన్లు ఎత్తేది ఆవిడే. ఈ ఊళ్ళోనే పుట్టింది. నవ్వకుండా వేళాకోళం చెయ్యడం వీళ్ళకి ఉగ్గుపాలతోనే వస్తుంది.

పొద్దుటి నుంచీ ఫోన్లే. అందరికీ దగ్గే, అందరికీ భయమే. నాకు మాత్రం లోపల ఎక్కడో హాయిగా ఉంది. ఇది ఇక్కడ తప్ప ఇంకెక్కడా అనలేను. జలుబుకీ దగ్గుకీ యాంటీబయాటిక్ పనిచెయ్యదు, అది వైరస్, మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులు అని ఈ జనానికి ఇరవై ఏళ్ళుగా నోరు నొప్పెట్టేలా చెప్పాను. విన్నారా? వినకపోతే ఏం, కాలవ అవతల డాక్టర్ నీన్‌హౌస్ ఉన్నాడు, పిప్పరమెంటు బిళ్ళల్లా పంచిపెట్టడానికి. ఇప్పుడు ప్రపంచంలో ప్రతి దగ్గూ వైరసే. ఆలస్యంగానైనా దేవుడు నా పక్షానికి వచ్చాడు.

"పడి లేవాలి." ఈరోజు ఈ మాట ఎంతమందికి చెప్పానో. మంచం, నీళ్ళు, పారాసిటమాల్. పడి లేవాలి.

మార్చి 19, గురువారం

మందుల మీటింగు, మొదటిసారి కంప్యూటర్ తెర మీద. చుట్టుపక్కల ఊళ్ళ ఫ్యామిలీ డాక్టర్లం, ఫార్మసిస్టూ. ఈ చలికాలం ఎవరు ఎంత యాంటీబయాటిక్ రాశారో చూపించారు, డాక్టరుకో గీత చొప్పున. నా గీత అన్నిటికన్నా పొట్టిది, ఎప్పటిలాగే. నీన్‌హౌస్ గీత చర్చి గోపురంలా లేచింది. పాపం, కాఫీ కప్పు మూతికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పొట్టి గీతవాడికి ఫార్మసీ నుంచి కేకు రావడం ఆనవాయితీ.

ఫార్మసిస్టు ఇమ్కె కొత్తగా హేగ్ నుంచి వచ్చిన పిల్ల. దానికో సందేహం వచ్చింది.

"ఒకాయన్ని మందు ఎలా పనిచేసిందని అడిగితే 'ఇంతకన్నా అధ్వాన్నంగా ఉండొచ్చు' అన్నాడండీ. ఫిర్యాదు కింద రాసుకోవాలా?"

"పిచ్చిపిల్లా, అది నెత్తిన కిరీటం పెట్టడం," అన్నాను. "ఈ ఉత్తరాది గ్రోనింగెన్ వాళ్ళు ఏ మాటనైనా సగానికి కోసి చెబుతారు. 'ఇంతకన్నా అధ్వాన్నంగా ఉండొచ్చు' అంటే భేషుగ్గా ఉందని. 'అంత బాగోలేదు' అన్నారనుకో, శవపేటికకి కొలతలు తీసుకోమని."

"మరి నిజంగానే 'అద్భుతం' అంటే?"

"నువ్వొట్టి పశువ్వి అని."

కారు సంగతి చెప్పాను. మేం హార్లెమ్ నుంచి ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం, మంచు మీద కారు జారి రోడ్డు పక్క కాలవలోకి ముక్కు దించింది. సముద్రపు గట్టు పక్క రైతు డెర్క్ తన పాత నీలం ట్రాక్టరేసుకుని వచ్చాడు. దిగకుండానే ఓసారి చూసి, "అద్భుతంగా పెట్టారు డాక్టరూ," అన్నాడు. పొగిడాడనుకుని నా భార్య హెస్టర్ థాంక్స్ చెప్పింది! కారుని పైకి లాగాక కూడా ఆ మనిషి మొహంలో నవ్వు లేదు. ఏళ్ళు పట్టింది నాకు ఈ భాష పట్టుబడటానికి.

అందరూ పగలబడి నవ్వారు. నీన్‌హౌస్ నవ్వలేదు. ఇక్కడ పుట్టినవాడు కదా, అతనికి ఇందులో నవ్వడానికేముంది.

మార్చి 25

మాస్కులు రెండే మిగిలాయి. ఫ్రౌకె వాటిని తాళం వేసి దాచింది. "ఇవి పెళ్ళికి దాచిన నగలు డాక్టరుగారూ, పెట్టుకుంటే పోతాయి," అంది.

స్కూలు హెడ్‌మాస్టారు ఫోన్ చేసి ముందు జాగ్రత్తకి ఏదైనా రాయమన్నాడు. చదువుకున్నవాళ్ళే ఎక్కువ విసిగిస్తారు. ముందు జాగ్రత్తకి చేతులు కడుక్కోండి సార్ అన్నాను. ఫ్రౌకెకి వినబడాలని గట్టిగానే అన్నాను.

ఏప్రిల్ 1

హెస్టర్ దగ్గింది. రెండుసార్లు.

ఏప్రిల్ 2, గురువారం

మళ్ళీ దగ్గింది. జ్వరం పెద్దగా లేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, మూడుసార్లు విన్నాను. అయినా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాను, ఇళ్ళకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే బ్యాగులోంచి. చీటీ రాయలేదు. బ్యాగులోంచి తీసిన మందు ఏ గీతలోకీ ఎక్కదు. అందుకని అలా చేశానని కాదు, ఈ రోజుల్లో ఫార్మసీ ముందు నిలబడటం ఎందుకని.

"ఇది వైరస్‌కి పనిచెయ్యదుగా?" అంది హెస్టర్.

"నీకు పనిచేస్తుంది."

చిన్నప్పుడు ఆమెకి ఉబ్బసం ఉండేది. ఉండేదనుకుంటా. వాళ్ళ అక్కకేమో.

ఏప్రిల్ 7, మంగళవారం

డెర్క్ ఫోన్ చేశాడు. అదే ఒక వింత. బీటు దుంపల యంత్రంలో పడి వేలు తెగినప్పుడు కూడా ఆ మనిషి ఫోన్ చెయ్యలేదు. తెగిన ముక్కని జేబులో వేసుకుని సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, వెయిటింగ్ రూములో తన వంతు కోసం కూర్చున్నాడు.

"ఏమిటి డెర్క్?"

"దగ్గు డాక్టరూ."

"ఊరందరికీ దగ్గే."

"నిన్న ఉన్నట్టుండి వణుకు పట్టుకుంది. పళ్ళు టకటకలాడాయి. ఊపిరి పీలిస్తే కుడిపక్క కత్తి దిగినట్టుంటోంది. దగ్గితే గళ్ళ తుప్పు రంగులో పడుతోంది."

"జ్వరమా?"

"ఆఁ."

"మొత్తానికి ఎలా ఉంది?"

కాసేపు ఊపిరి చప్పుడే వినబడింది. "అంత బాగోలేదు."

ఇప్పుడు తిరుగుతున్నది వైరస్ డెర్క్, పడి లేవాలి, అన్నాను.

"అంతేనా?"

"అంతే."

"సరే అయితే," అని పెట్టేశాడు. వీళ్ళు ఏదీ రెండోసారి అడగరు.

మధ్యాహ్నం కేకు వచ్చింది. పైన చెర్రీ పళ్ళు. ఫ్రౌకెకి పెద్ద ముక్క కోసిచ్చాను.

ఏప్రిల్ 8

డెర్క్‌ని వెనక గ్యారేజీకి రమ్మని ఛాతీ విని, వేలి నుంచి చుక్క రక్తం తీసి చూడగలిగేవాణ్ణే. వైరసో కాదో ఆ చుక్కే చెప్పేది. దానికి ఒక మాస్కు ఖర్చు. అదీగాక నేనే ఏదైనా అంటించుకుని ఇంటికి తెస్తే? హెస్టర్ ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. డెర్క్ గట్టి మనిషి, ఎద్దుతో పోటీ పడేంత ఓపిక. మందు కావాలని అడగనూ లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు.

నీన్‌హౌస్ తన క్లినిక్ వెనక పెరట్లో డేరా వేశాడట. పైనుంచి కింద దాకా వానకోటు తొడుక్కుని అందరి ఛాతీలూ వింటున్నాడట. సర్కస్ వచ్చిందన్నమాట. ఈసారి అతని గీత గోపురం దాటి, దాని కొన మీద గాలికి తిరిగే ఇనప కోడిని తాకుతుంది.

ఏప్రిల్ 11, శనివారం

హెస్టర్ పూర్తిగా లేచింది. పొద్దున సైకిలేసుకుని గట్టుదాకా వెళ్ళొచ్చింది. ఈస్టర్ గుడ్ల కోసం డెర్క్ భార్య హిల్లెకి ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేసి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"డెర్క్ కుర్చీలోనే పడుకుంటున్నాడట. వెనక్కి వాలితే ఊపిరాడటం లేదట. అంత బాగోలేదంటోంది హిల్లె."

"పండగ రోజుల్లో డ్యూటీ డాక్టర్లుంటారు. వాళ్ళకి ఫోన్ చెయ్యమను."

"డెర్క్ వాళ్ళు నీ మాట పట్టుకుని కూర్చున్నారు. పడి లేవాలన్నావట. లేచేదాకా పడి ఉండాలి కదా అంటున్నాడట ఆయన."

"నిన్నిలా వదిలేసి ఎలా వెళ్ళను?"

"నాకేమయింది? నాకొచ్చింది ఉత్తి జలుబు." కోటు తీసి నా చేతికిచ్చింది. మళ్ళీ దాన్ని కొక్కేనికి తగిలించాను. రేపు వెళ్దామనుకున్నాను. రేపు పండగ. ఎల్లుండి వెళ్తాను.

ఏప్రిల్ 12, ఈస్టర్

అంబులెన్సు మోత. గట్టువైపు వెళ్ళింది.

ఏప్రిల్ 14, మంగళవారం

డెర్క్ నిన్న పోయాడు.

ఆస్పత్రి నుంచి ఊపిరితిత్తుల డాక్టరు ఫోన్ చేసింది. కరోనా కాదట. రెండుసార్లు చూశారట.

"పాతకాలం న్యుమోనియా. వణుకు, పక్కపోటు, తుప్పు గళ్ళ, అచ్చం పుస్తకంలో ఉన్నట్టు," అంది. "మొదట్లో పెన్సిలిన్ పడి ఉంటే వెన్నలా కరిగిపోయేది. మీరేమైనా మొదలుపెట్టారా?"

"కాస్త దగ్గు, పెద్ద విశేషమేమీ లేదన్నాడు," అన్నాను.

"వాళ్ళావిడ అలా చెప్పలేదే."

"వాళ్ళావిడతో నేను మాట్లాడలేదు." అది నిజం.

'కాస్త బాగోలేదు' అన్నాడు. కాస్త అన్నాడా, అంత అన్నాడా? ఆ పొలాల్లోంచి ఫోన్లు సరిగా వినబడి చావవు. రోజంతా ఫోన్లు, ఎంతమందివని గుర్తుపెట్టుకుంటాం? వైరస్ రోజుల్లో వైరస్ అనుకోవడం తప్పా? ఏ డాక్టరైనా అదే అనుకుంటాడు.

నీన్‌హౌస్ విని ఉండేవాడు.

డెర్క్ అంటే నాకిష్టం. ఈ ఊళ్ళో నన్ను ముందుగా 'మన డాక్టరు' అన్నది ఆయనే. కారులో కూర్చుని ఏడ్చాను. ఏడ్చి, మొహం తుడుచుకుని, మధ్యాహ్నం పన్నెండింటి ఫోన్లకి లోపలికి వెళ్ళాను.

ఏప్రిల్ 15

భోజనాల బల్ల మీద డాక్సీసైక్లిన్ అట్ట. సగం బిళ్ళలు మింగేసినవి, సగం మిగిలినవి. హెస్టర్ దాన్ని నా కంచం పక్కనే పెట్టింది, ఫోర్కు ఉండాల్సిన చోట.

"తగ్గిపోయిందని నాలుగు రోజుల కిందట ఆపేశాను. ఇవి శనివారం కూడా మన బ్యాగులోనే ఉన్నాయి."

"అది వేరు."

"ఏం వేరు?"

"నువ్వు నా భార్యవి."

"జలుబున్న భార్యని."

"'బాగానే ఉంది, కాస్త దగ్గు' అన్నాడు హెస్టర్. ఆ మాట విని యాంటీబయాటిక్ రాస్తే రేపు ఈ మందులేవీ పనిచెయ్యవు. మనం పోయాక ఈ భూమ్మీద మనుషులుంటారు. వాళ్ళ కోసం ఎవడో ఒకడు గట్టిగా నిలబడాలి."

"నిలబడ్డావు," అంది. బంగాళాదుంపలు వడ్డించింది.

మిగిలిన బిళ్ళల్ని మళ్ళీ బ్యాగులో పెట్టేశాను. పారెయ్యడం ఎందుకు, అవసరానికి ఉంటాయి.

ఏప్రిల్ 18, శనివారం

చర్చిలోకి ముప్పైమందినే రానిచ్చారు. ఊరు ఊరంతా రోడ్డు వారన మనిషికీ మనిషికీ దూరంగా నిలబడింది. పొలాల్లోంచి ట్రాక్టర్లన్నీ వచ్చి గట్టు పొడవునా వరసగా ఆగాయి, మోటార్లు ఆపకుండా. పేటికని బళ్ళో పెట్టి నీలం ట్రాక్టరుతో లాక్కొచ్చారు. తోలుతున్నది హిల్లె. నల్లకోటు, రబ్బరు బూట్లు. నా ముందునుంచే వెళ్ళింది. నేను తలదించాను, అందరూ దించారు కాబట్టి.

తిరిగొస్తూ ఫ్రౌకె రోడ్డు అటువైపు, నేను ఇటువైపు నడిచాం.

"పాపం, బాగానే ఉందన్నాడు ఫోన్లో," అన్నాను. "ఏమీ వద్దన్నాడు."

"డెర్క్‌కి చెవుడు కదా డాక్టరుగారూ. వాళ్ళింట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకరు మీదే. పాలు పితికే కొట్టందాకా వినబడుతుంది."

"అవునా?"

"ఆ రోజు హిల్లె ఫోను పక్కనే దుంపలు చెక్కుతోందట." మలుపు దగ్గర ఫ్రౌకె తన ఇంటివైపు తిరిగింది. సోమవారం కలుద్దామని ఎప్పుడూ అనేది, ఇవాళ అనలేదు.

ఏప్రిల్ 20

హిల్లె విన్నదా, మొత్తం విన్నదా? విన్నా ఆవిడకేం తెలుస్తుంది, వైద్యం చదివిందా? ఫిర్యాదు చేస్తే పిలుస్తారు. పిలిస్తే చెబుతాను: రోగి పరిస్థితి బాగానే ఉందన్నాడు, మందు వద్దన్నాడు, మహమ్మారి సమయం, మాస్కులు లేవు. నాలుగు మాటలే. అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాను. నమ్మేలాగే ఉంది.

పోస్టు మనిషి గేటు తీసిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి వెళ్తున్నాను. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే రకాన్ని కాను నేను. నిద్ర సరిపోవడం లేదు, అంతే.

మే 6, బుధవారం

ఏ ఫిర్యాదూ రాలేదు. పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో గుడ్ల బుట్ట. హిల్లె ఎప్పటిలా పెట్టి వెళ్ళింది. చూశావా, మనసులో ఏమీ లేదు! వీళ్ళు కపటం తెలియని మనుషులు. నాలుగు గుడ్లు అట్టేసుకుని తిన్నాను. హెస్టర్ ముట్టలేదు.

మే 27

హెడ్‌మాస్టారి కుటుంబం నీన్‌హౌస్ దగ్గరికి మారిపోయింది. బేకరీ వాళ్ళు కూడా. వంతెన దగ్గరి అన్నదమ్ములు కూడా. ఫోన్లు బాగా తగ్గాయి. జనానికి నా మాట ఇప్పటికి వంటబట్టిందన్నమాట. ఊరికే దగ్గగానే పరుగెత్తుకు రావడం లేదు.

జూన్ 9, మంగళవారం

వెయిటింగ్ రూము తెరిచాం. దూరందూరంగా ఆరు కుర్చీలు. హిల్లె బీపీ చూపించుకోడానికి వచ్చింది. చిక్కింది. నేను తలుపు తీసి పేరు పిలిచేసరికి లేచి నిలబడింది. లోపలికి రాలేదు.

"నేను ఫిర్యాదు రాసిందీ లేదు, పైవాళ్ళకి చెప్పిందీ లేదు," అంది. గొంతు పెంచలేదు, ఆ గదికి సరిపోయినంతే. "కానీ డాక్టరుగారికి ఒక మాట బాకీ ఉన్నాను. అది అందరి ముందూ చెప్పాలి."

నా చెయ్యి తలుపు గడి మీదే ఉండిపోయింది.

"మా డెర్క్‌ని మీరు అద్భుతంగా చూశారు."

కిటికీ పక్క కుర్చీలో ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దానివంకే చూస్తూ కూర్చున్నాడు. ఎవరికో దగ్గొస్తే మింగేశారు. ఫ్రౌకె టైపు చెయ్యడం ఆపేసింది.

"థాంక్స్ హిల్లె," అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. ఏదో వెతికి, దొరక్కపోతే మానేసినట్టు తల ఊపింది. బీపీ చూపించుకోకుండానే వెళ్ళిపోయింది. మరచిపోయినట్టుంది పాపం.

మనసు తేలికపడింది. ఇన్ని రోజులూ అనవసరంగా భయపడ్డాను. ఇరవై ఏళ్ళలో ఈ ఊళ్ళో నన్ను నోరారా, నలుగురి ముందూ మెచ్చుకున్న మనిషి హిల్లె ఒక్కతే.

జూన్ 12

రొట్టె కొనడానికి వెళ్తే బేకరీ అమ్మాయి, "అద్భుతమైన రోజు డాక్టరుగారూ," అంది. బయట వాన. పెట్రోలు బంకు దగ్గర ఇద్దరు రైతులు: "అద్భుతంగా ఉన్నారే డాక్టరూ!" నేను చెయ్యి ఊపాను. ఊరు మారుతోంది. కష్టకాలం మనుషుల్ని మెత్తబరుస్తుందంటారు, నిజమే.

జూన్ 18, గురువారం

మందుల మీటింగు. వసంతకాలం గీతలు. నాది ఎంత పొట్టిదంటే, ఇమ్కె ముందు తెరలో ఏదో తేడా ఉందనుకుంది. నేలకి అంటుకుపోయిన గీత. "ఇదెలా సాధ్యం?" అంది. పట్టుదల, అన్నాను. నీన్‌హౌస్ తన వీడియో ఆపేసుకున్నాడు.

ఈసారి కేకుని ఇంటికే తెచ్చాను. ఆరింటికి భోజనాలయ్యాక బల్ల మీద పెట్టి, ఇన్నాళ్ళూ దాచుకున్న మంచి మాట హెస్టర్‌కి చెప్పాను.

"హిల్లెకి మన మీద ఏమీ లేదు. మొన్న వెయిటింగ్ రూములో అందరి ముందూ నన్ను పొగిడింది."

కేకు కొయ్యబోతున్న కత్తి ఆగింది. "ఏమని?"

"డెర్క్‌ని అద్భుతంగా చూశానని."

"అద్భుతంగా అనే అందా? ఆ మాటే?"

"ఆ మాటే. ఊరంతా ఇప్పుడు అదే అంటోంది."

హెస్టర్ కత్తిని కేకు పక్కన పెట్టేసింది. చాలాసేపు నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"రైనౌట్," అంది మెల్లగా. "మన కారు గుర్తులేదా నీకు?"

"ఏ కారు?" అన్నాను.